గ్రీకు కథల పుస్తకం కొనే ముందు ఒక్క కథ చదివి చూడండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగు రోజు, నల్లమాడ నుంచి బస్సులో వచ్చే ఆరో తరగతి పాప నాన్నగారు మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని లైబ్రరీ టేబుల్ దగ్గరికి వచ్చారు. "మేడం, మా పాప పర్సీ జాక్సన్ అని ఏందో పుస్తకం కొనియ్యమంటాంది. గ్రీకు దేవుళ్ల కతలంట. మన దేవుళ్ల కతలే బిడ్డకు సరిగ్గా తెలీవు, ఆ దేశపోళ్ల దేవుళ్లు ఏంటికి మేడం?" అని అడిగారు. వెనక నిలబడిన ఇద్దరు ముగ్గురు అమ్మలు కూడా తలలూపారు. లైను పొడుగ్గా ఉంది. "పర్వాలేదు, కొనండి" అని పంపించేశాను.

ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పైగా గ్రీకు కథల పేరుతో దొరికే పుస్తకాలన్నీ పిల్లలకు ఇచ్చేవి కావు. ఏది కొనాలి, దాన్ని ఇంట్లో ఎలా చదవాలి, మన కథల పక్కన దాన్ని ఎక్కడ పెట్టాలి అనేది కొంచెం నిదానంగా చెప్పాలి. అందుకే ఈ నెల ఈ పేజీ.

మొదట "ఏంటికి" అన్న మాట. మీ పిల్లలు గ్రీకు దేవుళ్లను ఇప్పటికే కలుసుకున్నారు. నైకీ బూట్ల మీది పేరు గ్రీకుల విజయదేవతది. ఒలింపిక్స్ మొదలైన ఒలింపియా జ్యూస్ దేవుడి క్షేత్రం. రేపు హైస్కూల్ ఇంగ్లిష్‌లో "అకిలీస్ హీల్" అన్న మాట వస్తుంది, దాని వెనక ఒక తల్లి కథ ఉంది. అయితే ఇవన్నీ చిన్న కారణాలు. పరీక్షకు పనికొస్తుందని కథ చదివించడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు.

అసలు కారణం, ఈ కథలు తెలుగు ఇళ్లకు కొత్తవి కాకపోవడం. మీ ఇంట్లో తాతగారో నాయనమ్మగారో ఉంటే చందమామలో భువనసుందరి సీరియల్ గుర్తుందా అని అడిగి చూడండి. 1947లో మొదలైన చందమామ గ్రీకుల ట్రాయ్ యుద్ధాన్ని ఆ పేరుతో మన పిల్లలకు చెప్పింది. హెలెన్ భువనసుందరి అయింది. ఒడిస్యూస్ రూపధరుడు అయ్యాడు, అతని సముద్ర ప్రయాణాలు ఇంకో సీరియల్‌గా వచ్చాయి. పల్లెల్లో అరుగుల మీద కూర్చుని అవి చదివినవాళ్లు తాము గ్రీకు పురాణం చదువుతున్నామని అనుకోలేదు, మంచి కథ చదువుతున్నామనే అనుకున్నారు. అంతకంటే చాలా వెనక్కి పోతే, క్రీ.పూ. 2వ శతాబ్దంలో తక్షశిల నుంచి రాయబారిగా వచ్చిన హెలియోడోరస్ అనే గ్రీకు మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర వాసుదేవుడి పేరిట గరుడ స్తంభం నిలబెట్టాడు. ఆ స్తంభం ఇప్పటికీ ఉంది. రెండు వైపులవాళ్లూ ఒకరి దేవుళ్లను ఒకరు చూసి భయపడలేదు.

ఇక "మన కథలు తెలీవు కదా" అన్న బాధ. నా అనుభవంలో గ్రీకు కథ మన కథను పక్కకు నెట్టదు, బయటికి లాగుతుంది. ముట్టుకున్నదల్లా బంగారం కావాలని వరం అడిగిన మైడాస్ కథ చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు "మేడం, భస్మాసురుడు!" అని అరుస్తారు. కూతురి కొడుకు చేతిలో చస్తావని జోస్యం విని ఆ కూతురిని గదిలో బంధించిన రాజు కథ చెబితే కంసుడు వస్తాడు. ఆ పసిబిడ్డను పెట్టెలో పెట్టి సముద్రంలోకి వదిలారనగానే కర్ణుడు వస్తాడు. అప్పుడు "సరే, భస్మాసురుడి కథ నువ్వు చెప్పు" అంటాను. సగం మందికి సగమే తెలుసు. మిగతా సగం కోసం ఇంటికి వచ్చి మిమ్మల్ని అడుగుతారు. ఆ అడిగే రోజు కోసమే ఈ పుస్తకాలు కొనమంటున్నాను.

పుస్తకం ఎంచుకునే దగ్గరికి వద్దాం. ముందుగా ఒక సంగతి తెలిస్తే సగం పని అయిపోతుంది. గ్రీకు పురాణం అనే ఒకే పుస్తకం ఎక్కడా లేదు. మన రామాయణం వాల్మీకి చెప్పినట్టు ఒకటి, రంగనాథ రామాయణం ఒకటి, తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు మధ్యలో దూరి నవ్వించేది ఇంకొకటి. గ్రీకు కథలూ అంతే. మీ చేతిలో ఉన్న పుస్తకం ఎవరో ఒకరు తిరిగి చెప్పింది. వాళ్లు ఏం కలిపారు, ఏం తీసేశారు అన్నదే చూడాల్సింది.

మైడాస్ కథనే తీసుకోండి. బంగారమైపోయిన చిన్న కూతురు అందరికీ గుర్తుంటుంది. పాత రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఆ కూతురు లేదు. అమెరికా రచయిత నథానియెల్ హాథార్న్ 1850లలో పిల్లల కోసం తిరిగి రాస్తూ ఆమెను సృష్టించి మేరీగోల్డ్ అని పేరు పెట్టాడు. ఆ కల్పన ఎంత బాగా కుదిరిందంటే ఇప్పుడు ఆ పాప లేకుండా ఎవరూ కథ చెప్పరు. పాండోరా పెట్టె కూడా అసలు పెట్టె కాదు. గ్రీకు కవి హెసియడ్ రాసింది పెద్ద మట్టి బాన గురించి, మన ఇళ్లలో ఒకప్పుడు గింజలు నిల్వ చేసుకునేవాళ్లే, అలాంటిది. ఎన్నో వందల ఏళ్ల తర్వాత 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లోకి మార్చేటప్పుడు బాన పెట్టె అయింది. మన పిల్లలకు బాన అని చెప్పండి. గింజలు ఉండాల్సిన బానలోంచి రోగాలూ కష్టాలూ బయటికి వచ్చాయంటే వాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది.

నేను ఏ కొత్త పుస్తకం వచ్చినా ముందు ఒకే కథ తెరుస్తాను, పెర్సెఫొనీ కథ. ఈ ఒక్క కథ ఎలా చెప్పారో చూస్తే ఆ పుస్తకం మీ ఇంటికి పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. అందుకే కథ మీకు కూడా తెలియాలి.

పంటల దేవత డిమీటర్. ఆమె కూతురు పెర్సెఫొనీ పొలంలో పూలు కోస్తుంటే నేల చీలి పాతాళ రాజు హేడీస్ రథం మీద వచ్చి ఎత్తుకుపోయాడు. పాత గ్రీకు స్తోత్రం ప్రకారం ఆ పిల్ల తండ్రి జ్యూస్ ముందే ఈ పెళ్లికి ఒప్పుకున్నాడు. అమ్మకు చెప్పలేదు, అమ్మాయిని అడగలేదు. డిమీటర్ రెండు చేతుల్లో కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు అన్నం నీళ్లు ముట్టకుండా వెతికింది. నిజం తెలిశాక దేవలోకానికి పోనే లేదు. ముసలామె వేషంలో ఒక ఊళ్లో కూర్చుంది, భూమిలో వేసిన గింజను మొలవనివ్వలేదు. ఎడ్లు ఎంత దున్నినా లాభం లేకపోయింది. మనుషులు ఆకలితో చచ్చే పరిస్థితి వచ్చింది, దేవుళ్లకు నైవేద్యాలు ఆగిపోయాయి. చివరికి దేవతల రాజే దిగివచ్చి కూతుర్ని పంపించమని పాతాళానికి కబురు పెట్టాడు. కానీ అక్కడ ఆమె దానిమ్మ గింజ తినేసింది. పాతాళంలో తిన్నవాళ్లు పూర్తిగా తిరిగి రాలేరు. అందుకే ఏడాదిలో కొంత కాలం అమ్మ దగ్గర, కొంత కాలం కింద. కూతురు కింద ఉన్నన్నాళ్లూ నేల ఎండిపోతుంది.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం సీమలో ఈ కథ చెప్పి చూడండి. చాలా ఇంగ్లిష్ పుస్తకాలు కూతురు కింద ఉండే కాలాన్ని మంచు కురిసే చలికాలంగా బొమ్మ వేస్తాయి. నల్లమాడ పిల్లకు మంచు తెలీదు, ఎండిన చెరువు తెలుసు. గ్రీసులో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం అంతా నేల బీడుగా ఉంటుంది. అందుకే ఆ ఎండిన కాలం అసలు ఎండాకాలమేనని, విత్తనాలను భూమిలోని పాత్రల్లో దాచిపెట్టే రోజులని కొందరు పండితులు అన్నారు. నేను క్లాసులో ఆ అర్థమే చెబుతాను. దానిమ్మ సంగతి వేరే వివరించనక్కర్లేదు, డ్రిప్ పైపులు వేసిన తోటల్ని పిల్లలు బస్సు కిటికీలోంచే చూస్తున్నారు. నేల చీలి ఆడపిల్లను తీసుకుపోవడం కూడా వాళ్లకు కొత్త కాదు. సీతమ్మ నాగటి చాలులో దొరికింది, చివరికి నేలలోకే పోయింది.

ఈ కథలో తీసేయడానికి వీలున్న కష్టమైన మాట ఒకటుంది. ఆ పాపను అడగకుండా మాట ఇచ్చేశారు. రచయిత దీన్ని ఏం చేశాడో చూడండి. కొన్ని చవక పుస్తకాల్లో హేడీస్ ఆమెను "ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు" అని ఒక్క వాక్యంలో కానిచ్చేస్తారు, తల్లి ఏడుపు రెండు లైన్లు, చివర్లో "అందుకే రుతువులు వచ్చాయి పిల్లలూ" అని ముగింపు. అలాంటి పుస్తకం అక్కడే పెట్టేయండి. బొమ్మలు ఎంత బాగున్నా సరే. ఇంకొన్ని దీనికి ఎదురు, చిన్నపిల్లలకు అక్కర్లేని వివరాలన్నీ రాస్తాయి. అవి పెద్దవాళ్ల పుస్తకాలు. నాకు నచ్చేది మధ్యలోది. భయం ఉంటుంది కానీ భయపెట్టడం కోసం కాదు, తల్లి వెతుకులాట పూర్తిగా ఉంటుంది, ఆ అమ్మాయికి కూడా ఒక మాట ఉంటుంది.

మా లైబ్రరీలో ఈ కథ విన్న ఒక పాప అడిగిన ప్రశ్న ఇది: "వాళ్ల నాన్న వాళ్లమ్మకు ముందే ఏంటికి చెప్పలేదు?" మన ఊళ్లలో ఆడపిల్లల పెళ్లి మాటలు ఎప్పుడు, ఎవరి మధ్య మొదలవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పలేదు. ఇంట్లో అడగమన్నాను.

పేర్లతో చెప్పమంటారు కాబట్టి చెబుతాను. మూడు నాలుగు తరగతుల పిల్లలకు మొదటి పుస్తకం ఒక్కటే కొనాలంటే డోలేర్ దంపతుల "బుక్ ఆఫ్ గ్రీక్ మిత్స్". 1962లో వచ్చింది, ఇప్పటికీ అచ్చులో ఉంది. ఇంగ్రి, ఎడ్గార్ ఇద్దరూ రాసి, వాళ్లే బొమ్మలు వేశారు. పెద్ద పేజీలు, చాలా కథలు రెండు మూడు పేజీల్లో అయిపోతాయి, కాబట్టి రాత్రి పడుకునే ముందు ఒకటి సరిపోతుంది. జ్యూస్‌కు ఎందుకంతమంది భార్యలని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దశరథుడికి ముగ్గురు, కృష్ణుడికి ఎనిమిది మంది అని చెప్పి తప్పించుకున్న తల్లిని నేను చూశాను. తప్పేం లేదు.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే హాథార్న్ రాసిన "ఎ వండర్ బుక్", "టాంగిల్‌వుడ్ టేల్స్" ఉన్నాయి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో ఉచితంగా ఫోన్‌లో దించుకోవచ్చు. దానిమ్మ గింజలు అన్న పేరుతోనే పెర్సెఫొనీ కథ రెండో పుస్తకంలో ఉంది. అందులో పాతాళ రాజు పిల్ల తోడు కావాలనుకునే దిగులు మనిషిలా ఉంటాడు, పెళ్లి ఊసే ఉండదు. చిన్న పిల్లలకు అది సరిపోతుంది, పెద్ద పిల్లలకు మాత్రం ఆయన ఏం దాచారో చెప్పాలి. రెండు ఇబ్బందులున్నాయి. ఆ ఇంగ్లిష్ పాతది, వాక్యాలు పొడుగు. పేర్లు కూడా రోమన్ పేర్లు, డిమీటర్ అక్కడ సీరీస్, పెర్సెఫొనీ ప్రోసెర్పినా. వండర్ బుక్‌లో ఒక కాలేజీ కుర్రాడు పిల్లలకు కథలు చెబుతున్నట్టు ప్రతి కథకు ముందూ వెనకా కొన్ని పేజీలుంటాయి, అవి దాటేసి కథలోకి వెళ్లిపోవచ్చు.

అందులోనే "ది మిరాక్యులస్ పిచర్" అని ఒకటుంది. దానికోసమైనా ఆ పుస్తకం దించుకోండి. మారువేషంలో వచ్చిన దేవుళ్లను ఊరంతా తరిమేస్తే బాసిస్, ఫిలమన్ అనే ముసలి భార్యాభర్తలు ఉన్న కాస్త పాలూ రొట్టే పెడతారు. వాళ్ల చెంబు ఎంత వంచినా ఖాళీ కాదు. అక్షయపాత్ర గుర్తొచ్చిందా? చివరికి ఇద్దరూ పక్కపక్కనే రెండు చెట్లైపోతారు. కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను చూసిన పిల్లలకు ఈ కథ ఇంకోలా వినిపిస్తుంది. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు తిమ్మమ్మ సహగమనం కథ మీరు ఎలా చెప్పారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ వయసు పిల్లకు ఎంత చెప్పాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, "ఇప్పుడలా చేయకూడదమ్మా" అని ఎక్కడ చెప్పాలో మీకు అప్పటికే వచ్చు. గ్రీకు కథలకూ అదే తెలివి వాడండి.

ఆరో తరగతి దాటితే రోజర్ లాన్సెలిన్ గ్రీన్ "టేల్స్ ఆఫ్ ది గ్రీక్ హీరోస్" బాగుంటుంది. 1958 నాటిది, చిన్న పుస్తకం, విడివిడి కథలను ఒకే పెద్ద కథలా వరుసగా అల్లాడు. బిగ్గరగా చదవడానికి దీనంత వీలైనది ఇంకోటి నాకు దొరకలేదు. చదవడమంటేనే పారిపోయే పిల్లలకు జార్జ్ ఓకానర్ వేసిన "ఒలింపియన్స్" బొమ్మల పుస్తకాలు ఉన్నాయి, మొత్తం 12. అన్నీ కొనక్కర్లేదు. హేడీస్ మీద ఉన్నది తీసుకోండి, పెర్సెఫొనీకి అందులో సొంత మనసు ఉంది. ట్రాయ్ యుద్ధానికి రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ "బ్లాక్ షిప్స్ బిఫోర్ ట్రాయ్". యుద్ధం కాబట్టి చావులు ఉంటాయి, ఏడో తరగతి తర్వాతే. చార్లెస్ కింగ్‌స్లీ 1856లో రాసిన "ది హీరోస్" కూడా ఉచితంగా దొరుకుతుంది. పెర్సియస్ కథ అద్భుతంగా ఉంటుంది. ముందుమాటలో మాత్రం ఆయన తన మతం వైపు నుంచి గ్రీకుల పూజలను తక్కువ చేసి మాట్లాడతాడు. అది వదిలేసి కథ మొదలైన పేజీకి పోండి.

ఇప్పుడు ఆ నాన్నగారి పర్సీ జాక్సన్. రిక్ రియార్డన్ రాసిన మొదటి పుస్తకం "ది లైట్నింగ్ థీఫ్" 2005లో వచ్చింది. ఇది పురాణం కాదు, పురాణం మీద కట్టిన నవల. ఈ కాలం అమెరికా కుర్రాడికి తను సముద్ర దేవుడి కొడుకునని తెలుస్తుంది. అతనికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి, క్లాసులో కుదురుగా కూర్చోలేడు. రియార్డన్ కొడుక్కు ఇవే ఇబ్బందులు ఉండేవి, ఆ పిల్లవాడికి రాత్రిపూట చెప్పిన కథే ఈ పుస్తకమైంది. మన బడిలోనూ చదువు తడబడే పిల్లలు దీన్ని పట్టుకుని వదలకపోవడానికి అదే కారణమని నా అనుమానం. కాబట్టి కొనండి. కానీ మొదటి పుస్తకంగా వద్దు. జ్యూస్ ఎవరో, మెడూసా ఎవరో తెలియకుండా చదివితే అందులోని తమాషా సగం పోతుంది. పైగా ఇది మీరూ పిల్లలూ కలిసి చదివే పుస్తకం కాదు, ఆ అమెరికా యాస బిగ్గరగా చదివితే మనకు నవ్వు రాదు. పిల్లను ఒంటరిగా చదువుకోనివ్వండి.

వద్దనేవి కూడా చెప్పాలి. స్టీఫెన్ ఫ్రై "మిథోస్" ఆన్‌లైన్‌లో వెతగ్గానే ముందు వరుసలో కనిపిస్తుంది. చాలా సరదాగా ఉంటుంది, అయితే పెద్దవాళ్లకు రాసింది, హాస్యం కూడా పెద్దవాళ్లదే. ఈడిత్ హామిల్టన్ "మిథాలజీ", దేవ్‌దత్ పట్నాయక్ "ఒలింపస్" కూడా మీ కోసమే. పిల్ల ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు మీరు తెరిచి చూసుకోవడానికి ఒకటి ఉంటే మంచిది. పట్నాయక్ పుస్తకం మన కథల పక్కన పెట్టి చూపిస్తుంది కాబట్టి దాన్నే ముందు చెబుతాను.

"బొమ్మలున్నాయి కదా, పిల్లలదే అయ్యుంటుంది" అని మాత్రం అనుకోవద్దు. ఇది నేను నా తప్పు వల్ల నేర్చుకున్నది. కొన్నేళ్ల క్రితం బొమ్మలంటే ఇష్టపడే ఐదో తరగతి బాబుకు ఒక లావుపాటి పురాణ విజ్ఞాన కోశం ఇచ్చి పంపాను. వారం తర్వాత వాళ్లమ్మ ఆ పుస్తకం తెచ్చి, ఒక పేజీ మీద చెయ్యి కప్పి పెట్టి, "మేడం, ఇది మీరు సదివినారా?" అని మెల్లగా అడిగింది. క్రోనస్ కొడవలితో తన తండ్రిని ఏం చేశాడో బొమ్మతో సహా ఉంది. నేను చదవలేదు. చదవలేదనే చెప్పాను. ఆమె కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆ రోజు నుంచి నేను చదవని పుస్తకం ఎవరింటికీ పంపలేదు.

"మాకు ఇంగ్లిష్ రాదు కదా మేడం, కలిసి ఎట్లా చదవాలి?" అని చాలామంది అడుగుతారు. పిల్ల ఒక పేజీ ఇంగ్లిష్‌లో చదువుతుంది, ఆగి ఆ పేజీలో ఏం జరిగిందో తెలుగులో మీకు చెబుతుంది. మీరు "ఊ" కొట్టాలి. అంతే. ఆ చెప్పే దగ్గరే చదివింది అర్థమైందో లేదో బయటపడుతుంది, మేము పెట్టే కాంప్రహెన్షన్ పరీక్ష కంటే బాగా. మధ్యలో మీకు తెలిసిన కథ గుర్తొస్తే పుస్తకం మూసి అది చెప్పేయండి. వానలు పడనప్పుడు విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పాత అలవాటు. డిమీటర్ కరువు కథ దగ్గర ఒక తల్లి ఆ సంగతి చెప్పిందట. మర్నాడు వాళ్లబ్బాయి క్లాసులో బృహన్నల గురించి పావుగంట మాట్లాడాడు. ఆమె ఏడో తరగతి వరకే చదువుకుంది, తెలుగు మీడియంలో.

పేర్ల గురించి భయపడొద్దు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది పెనెలొపీని "పెనెలోప్" అని, పెర్సెఫొనీని "పెర్సిఫోన్" అని చదువుతారు. మన లిపిలో ఎలా రాస్తే అలా పలుకుతాం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. పుస్తకం వెనక అట్ట లోపల ఒక కాగితం అంటించి కొత్త పేరు వచ్చినప్పుడల్లా తెలుగులో రాయించండి, పక్కన ఎవరి కొడుకో ఎవరి కూతురో కూడా. పది కథలయ్యేసరికి ఆ కాగితం వంశవృక్షం అవుతుంది.

ఒక్క ప్రశ్న మాత్రం మీరు ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఏదో ఒక రాత్రి మీ పిల్ల అడుగుతుంది: "జ్యూస్ ఉత్త కత అయితే, మన కదిరి నరసింహస్వామి కూడా కతేనా?" కసరకండి. నేను ఇలా చెబుతాను: గ్రీకులు ఆ దేవుళ్లకు నిజంగా గుళ్లు కట్టారు, పండగలు చేశారు, పంట బాగా రావాలని మొక్కుకున్నారు. ఇప్పుడు ఆ గుళ్లు చాలావరకు శిథిలాలు, కథలు మిగిలాయి. మన గుళ్లో ఈ ఉదయం కూడా దీపం వెలిగింది. ఒకరి దేవుణ్ణి చూసి నవ్వకూడదు, అది పాతదైనా కొత్తదైనా. దీని తర్వాత మీ ఇంటి నమ్మకం ఏమిటో మీరే చెప్పాలి. అది టీచర్ చెప్పే విషయం కాదు.

మెడూసా తల, తన పిల్లల్నే మింగే క్రోనస్, ఒంటికన్ను రాక్షసుడు, వీటికి భయపడే పిల్లలు ఉంటారు. కానీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారులు చేసే తోలుబొమ్మ రావణుణ్ణి తెర వెనక వెలుగులో చూసి పెరిగిన ప్రాంతం మనది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాక్షసుడు ఎంత పెద్దగా ఉంటే ఆట అంత బాగుంటుందని మన పిల్లలకు తెలుసు. నిద్రలో ఉలిక్కిపడితే ఆ కథను పగటిపూటకు మార్చండి, ఆపేయక్కర్లేదు.

ఆ నాన్నగారికి ఫోన్ చేసి డోలేర్ పుస్తకం లైబ్రరీలో ఉందని, ముందు అది చదివాక పర్సీ జాక్సన్ కొనమని చెప్పాను. పాప శుక్రవారం తీసుకెళ్లింది. సోమవారం బస్సు దిగుతూనే నా దగ్గరికి వచ్చి, నాన్న రోజూ రాత్రి తొమ్మిదికి ఊ కొడుతున్నారని, నిన్న మాత్రం నిద్రపోయారని ఫిర్యాదు చేసింది.

మీకూ కావాలంటే లైబ్రరీ పీరియడ్ రోజు పిల్లల డైరీలో పుస్తకం పేరు రాసి సంతకం పెట్టి పంపండి. డోలేర్‌వి రెండు కాపీలే ఉన్నాయి కాబట్టి వారం లోపల తిరిగి ఇవ్వాలి. పేజీ చిరిగితే చిరిగినట్టే పంపించండి, దయచేసి సెల్లో టేపు మాత్రం వేయకండి. ఎండాకాలంలో అది పసుపురంగుకు తిరిగి బొమ్మల్ని పాడుచేస్తోంది.